అరవై నాలుగు గడుల సంఖ్య

ఈ పూట ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడుకుందాం. ముందు దాన్ని నెమ్మదిగా చదువుతాను. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి. ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు. దాని మీద నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు. ఇంకా దాని మీద తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. అంకెల్లో రాస్తే 18446744073709551615. మొత్తం ఇరవై అంకెలు.

ఈ సంఖ్య మనకు కొత్తది కాదు. తెలుగువాళ్లు వందల ఏళ్లుగా దీన్ని ఒక చంపకమాల పద్యంలో భద్రంగా దాచుకున్నారు. పావులూరి మల్లన గణితంలోదిగా ఆ పద్యం ప్రసిద్ధం. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. ఆ శాస్త్రగ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మల్లన. పదకొండో శతాబ్దం వాడని సాహిత్య చరిత్రల్లో చదువుకుంటాం. అంటే తెలుగులో కావ్యాలు మొదలైన తొలిరోజుల్లోనే లెక్కలూ పద్యం ఎక్కాయన్నమాట. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరించే సంగతి.

ఇరవై అంకెల్ని పద్యంలో ఎలా ఇమిడ్చాడు? అంకెకు బదులు మాట పెట్టాడు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే ఒకటి. అగ్నులు మూడు. సముద్రాలు నాలుగు, వేదాలు నాలుగు, బ్రహ్మ ముఖాలూ నాలుగే. మన్మథుడి బాణాలు ఐదు. కులపర్వతాలు ఏడు. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది. మనిషి ఒంట్లో రంధ్రాలు తొమ్మిది. ఆకాశమంటే శూన్యం, సున్న. పద్యం ఒకట్ల స్థానంతో మొదలై ఎడమకు నడుస్తుంది. మొదటి మాట బాణం, చివరి మాట చంద్రుడు. మధ్యలో కొండలు మూడుసార్లు, ఆకాశం రెండుసార్లు, సముద్రం రెండుసార్లు వస్తాయి, ప్రతిసారీ వేరే పర్యాయపదంతో. తాటాకు మీద అంకెలు రాస్తే, నకలు తీసేవాడి చేతిలో ఒక అంకె జారిపోవచ్చు, ఎవరికీ తెలియదు. పద్యంలో ఒక మాట జారితే గణం తప్పుతుంది, చెవికి వెంటనే పట్టుబడుతుంది. ఇరవై అంకెలకు ఇంతకన్నా గట్టి పెట్టె ఆ రోజుల్లో ఇంకేముంటుంది?

అంకెల్ని మరోసారి చూడండి. సున్న నుంచి తొమ్మిది దాకా అన్నీ ఉన్నాయి, రెండు మాత్రం లేదు. రెట్టింపుల మీద రెట్టింపులు చేస్తే పుట్టిన సంఖ్య ఇది. అందులో రెండంకె ఒక్కచోట కూడా కనిపించదు.

రెట్టింపుల కథ మీకు తెలిసే ఉంటుంది. చదరంగం కనిపెట్టినవాణ్ణి రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా గడికి రెట్టింపు చొప్పున అరవై నాలుగు గడులూ నింపమన్నాడతను. రాజుకి అది చాలా చిన్న కోరికలా అనిపించింది, తీరా లెక్క కట్టేసరికి ఖజానా చాలలేదు. అరబ్బు దేశాల్లో ఈ కథ సిస్సా అనే పండితుడి పేరు మీద నడిచింది. సుమారు వెయ్యో సంవత్సరం ప్రాంతంలో అల్‌బిరూనీ తన గ్రంథంలో ఈ లెక్క చేసి, సరిగ్గా ఈ ఇరవై అంకెలే తేల్చాడు.

నేను మొదట ఈ కథ విన్నది మా నాయనమ్మ దగ్గర. వేసవి సెలవుల్లో, అరుగు మీద. సుద్దముక్కతో గడులు గీసి, చింతగింజలు పేర్చడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ఏడో గడికి అరవై నాలుగు గింజలు లెక్కపెట్టేసరికి గిద్ద నిండింది. "ఇంక లెక్కపెట్టుకుంటూ కూర్చోకురా నాన్నా, కొలువు" అంది నాయనమ్మ. ఎనిమిదో గడికి అరసోలెడు. తొమ్మిదో గడికి సోలెడు. పదో గడికి తవ్వెడు. అక్కడికి ఇంట్లో ఉన్న చింతగింజలు అయిపోయాయి. గింజలు లేకపోయినా ఆవిడ ఆగలేదు. తర్వాతి గడుల మీద ఒక్కొక్క వేలే పెడుతూ చెప్పింది: మానిక, అడ్డ, కుంచం, ఇరస, తూము.

మన కొలతలన్నీ రెట్టింపులేనని ఆ పూట నాకు తెలిసింది. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి సరిగ్గా అరవై నాలుగు గిద్దలు. పుట్టి దగ్గర మాత్రం ఈ వరస తెగుతుంది, ఇరవై తూములు ఒక పుట్టి. అంతవరకూ మా కోస్తా ఊళ్లలోని కళ్లం కొలతలు, చదరంగం గడులు ఒకే నడక నడుస్తాయి.

ఇక కుప్ప ఎంత పెద్దదో తొందరగా చెప్పేసి ముందుకు పోతాను. గ్రాముకు నలభై వడ్లగింజలు అనుకుంటే, అరవై నాలుగు గడులకూ కలిపి సుమారు 46 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఏడాదికి పండే వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. అంటే భూమి మీది వరి పొలాలన్నీ అయిదారు వందల ఏళ్లు పండిస్తే గానీ ఆ బాకీ తీరదు. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. అబ్బా ఎంత పెద్ద సంఖ్యో అనుకుని వినేవాళ్లు లేచిపోతారు. నాకు అదే బాధ. పెద్దతనం ఈ సంఖ్య గుణాల్లో చాలా చిన్నది. దీని పక్కన ఇంకో అంకె వేస్తే ఇంతకన్నా పెద్దది వస్తుంది, అందులో విశేషమేముంది? దీని లోపలి అల్లిక వేరు. అది చూపిద్దామనే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

పైపైన కనిపించేది ముందు చూద్దాం. సంఖ్య చివర ఐదు ఉంది. రెట్టింపుల చివరి అంకెలు 2, 4, 8, 6 అని వరసగా తిరుగుతూ ఉంటాయి. నాలుగింటికి ఒక చుట్టు. అరవై నాలుగు రెట్టింపులంటే పదహారు చుట్లు పూర్తి, కాబట్టి చివర ఆరు రావాలి. గడులన్నిటి మొత్తం ఆ తర్వాతి రెట్టింపుకు ఒకటి తక్కువ. మీరే చూడండి: ఒకటి, రెండు, నాలుగు కలిపితే ఏడు, తర్వాతి గడిలో ఎనిమిది. అందుకే ఆరులో ఒకటి పోయి ఐదు. సంఖ్య ఐదుతో తెగుతుంది, చివర పదిహేను ఉంది కాబట్టి ఇరవై ఐదుతో తెగదు. అంకెలన్నీ కలిపితే ఎనభై ఏడు. మూడుతో తెగుతుంది, తొమ్మిదితో తెగదు. మూడు ఒక్కసారే, ఐదు ఒక్కసారే. ఈ "ఒక్కసారే" అన్న మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు చదరంగం బల్లను పక్కన పెట్టి, గుడ్డ మీద గీసిన గడుల్ని ఊహించుకోండి. పాతకాలంలో పాచికలాటల గడులు గుడ్డ మీద కూడా ఉండేవి కదా. అరవై నాలుగు గడులూ ఒకే పొడుగు పట్టీలా ఉన్నాయనుకుందాం. ఆ పట్టీని సరిగ్గా సగానికి కత్తిరించి, రెండో సగాన్ని తిప్పకుండా మొదటి సగం మీద పరవండి; దీన్నే మడత అందాం. ముప్పై మూడో గడి వచ్చి మొదటి గడి మీద పడుతుంది, ముప్పై నాలుగోది రెండో దాని మీద, అరవై నాలుగోది ముప్పై రెండో దాని మీద. పై గడిలో ఉన్న గింజలు కింద గడిలో ఉన్నవాటికి ఎన్ని రెట్లు? మధ్యలో ముప్పై రెండు రెట్టింపులు జరిగాయి కాబట్టి 4294967296 రెట్లు. ఏ జత చూసినా అదే. కాబట్టి పైసగం మొత్తం కింది సగానికి 4294967296 రెట్లు. కింది సగాన్ని కూడా కలుపుకుంటే, మొత్తం గింజలు కింది సగానికి సరిగ్గా 4294967297 రెట్లు. ఒక్క మడతతో ఇరవై అంకెల సంఖ్య రెండు ముక్కల గుణకారంగా విడిపోయింది.

మిగిలిన ముప్పై రెండు గడుల్ని మళ్లీ మడవండి. ఈసారి పై గడి కింది గడికి 65536 రెట్లు, మొత్తానికి 65537 రెట్లు. మళ్లీ మడిస్తే 257. మళ్లీ మడిస్తే 17. ఇంకో మడతకు 5. ఆఖరి మడతకు 3, కింద మిగిలేది ఒకే గడి, ఒకే గింజ. ఆరు మడతలు, ఆరు సంఖ్యలు. ఆ ఆరింటినీ గుణిస్తే మన ఇరవై అంకెలూ వచ్చేస్తాయి.

గడులు అరవై నాలుగు కాబట్టే ఇలా ఆఖరి గడి దాకా సగానికి సగం మడతపడింది. అరవై మూడో, అరవై ఐదో అయితే మొదటి మడతే కుదరదు. ఆటకు ఎనిమిది వరసలు పెట్టినవాడు ఇదంతా ఆలోచించి పెట్టి ఉండడు. అయినా ఎనిమిదెనిమిదులు పెట్టాడు, మనకు ఈ ఆరు మడతలు దక్కాయి.

ఈ ఆరు సంఖ్యలే ఫ్రాన్సులో ఒక మహానుభావుణ్ణి పట్టుకున్నాయి. పియేర్ ద ఫెర్మా న్యాయాధికారి, తీరిక దొరికినప్పుడల్లా లెక్కలు చేసేవాడు. 3, 5, 17, 257, 65537. ఇవి ఐదూ ప్రధాన సంఖ్యలే, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ తెగనివి. ఈ వరసలో తర్వాత వచ్చేవి కూడా అన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఆయన నమ్మాడు. 1640లో మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఆ మాటే రాశాడు, నిరూపణ మాత్రం చేతికి చిక్కలేదని ఒప్పుకున్నాడు. ఈ వరసలో ఆరోది మన మొదటి మడతలో వచ్చిన 4294967297.

తొంభై ఏళ్లు ఎవరూ దాన్ని కదపలేదు. 1729లో గోల్డ్‌బాహ్ అనే పండితుడు ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఫెర్మా మాటను ప్రస్తావించాడు. ఆయిలర్ అప్పటికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న కుర్రవాడు. 1732 నాటికి, పాతికేళ్ల వయసులో, ఆయన జవాబు చెప్పాడు: ఈ సంఖ్య 641తో నిశ్శేషంగా భాగింపబడుతుంది, భాగఫలం 6700417.

వేల కొద్దీ సంఖ్యలతో భాగించి చూస్తే గానీ దొరకదు కదా అనిపిస్తుంది. కానీ ఈ సంఖ్యను తెంచగలిగే ప్రధాన సంఖ్య ఏదైనా అరవై నాలుగో ఎక్కంలోని ఒక సంఖ్యకు ఒకటి కలిపినట్టే ఉండాలి. దీని నిరూపణ కూడా ఆయిలర్ తర్వాతి రోజుల్లో రాశాడు. చూశారా, అరవై నాలుగు ఇక్కడ కూడా వచ్చి కూర్చుంది. ఆ లెక్కన పరీక్షించాల్సినవి ఏమిటి? 65, 129 ప్రధాన సంఖ్యలు కావు, వదిలేయండి. 193 ఒకటి, 257 రెండు. 321, 385 వదిలేయండి. 449 మూడు. 513 వదిలేయండి. 577 నాలుగు. 641 ఐదు. ఐదో భాగహారంలోనే దొరికింది. తొంభై ఏళ్ల నమ్మకం ఐదు భాగహారాల దూరంలో ఉంది!

ఆ భాగహారం కూడా చేయకుండానే 641 దీన్ని ఎందుకు తెంచుతుందో చూడొచ్చు. నాకు ఎంతో ఇష్టమైన తర్కం ఇది. తొందర లేకుండా వినండి.

641ని రెండు రకాలుగా చూద్దాం. ఒకటి: ఐదు నూట ఇరవై ఎనిమిదులు 640, దానికి ఒకటి కలిపితే 641. రెండోది: ఐదును నాలుగుసార్లు గుణిస్తే 625, రెండును నాలుగుసార్లు గుణిస్తే 16, ఈ రెండూ కలిపితే మళ్లీ 641. ఈ రెండు చూపులే మన సామగ్రి.

ఇప్పుడు 641తో భాగిస్తే మిగిలే శేషాన్ని మాత్రమే పట్టించుకుందాం. మొదటి చూపు ప్రకారం, ఐదు నూట ఇరవై ఎనిమిదులు 641కి ఒకటి తక్కువ. శేషం లెక్కలో దాన్ని "ఒకటి తక్కువ" అనే పిలుద్దాం. "ఒకటి తక్కువ"ను నాలుగుసార్లు గుణిస్తే "ఒకటి" అవుతుంది, రుణాలు జతలు జతలుగా కొట్టుకుపోతాయి. నూట ఇరవై ఎనిమిది అంటే ఏడు రెట్టింపులు. దాన్ని నాలుగుసార్లు గుణిస్తే ఇరవై ఎనిమిది రెట్టింపులు. కాబట్టి 625ను ఇరవై ఎనిమిది సార్లు రెట్టిస్తే శేషం ఒకటి. ఇక్కడ రెండో చూపు తీసుకురండి. 625 అంటే 641కి పదహారు తక్కువ. కాబట్టి 625 స్థానంలో "పదహారు తక్కువ" పెట్టొచ్చు. పదహారు అంటే నాలుగు రెట్టింపులు. ఇరవై ఎనిమిదీ నాలుగూ ముప్పై రెండు. అంటే, రెండును ముప్పై రెండుసార్లు గుణించి రుణం చేస్తే శేషం ఒకటి. అలాంటప్పుడు ఆ గుణకారానికి ఒకటి కలిపితే శేషం సున్న. ఆ గుణకారానికి ఒకటి కలిపిందే మన 4294967297.

పది అంకెల సంఖ్యను ముట్టుకోకుండానే దాన్ని రెండు ముక్కలు చేశాం. భాగహారం చేస్తే అది నిజమని తెలుస్తుంది, ఈ తర్కం చేస్తే ఎందుకు నిజమో తెలుస్తుంది. రెండోసారి విన్నప్పుడు ఇంకా హాయిగా ఉంటుంది, రాత్రి పడుకునే ముందు మనసులో ఒకసారి తిప్పుకోండి.

ఇప్పుడు మన సంఖ్య పూర్తిగా విడిపోయింది. 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏడూ వేరువేరు, ప్రతిదీ ఒక్కసారే. ఏదీ రెండోసారి రాలేదు. అందుకే దీన్ని తెంచే సంఖ్యలు ఎన్నో లెక్కపెట్టడం సులువు. ఏడింటిలో ఒక్కొక్కదాన్ని తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. రెండేసి దారులు, ఏడు చోట్ల. 128 భాజకాలు. చదరంగంలో ఎనిమిదో గడిలో ఉన్న గింజలూ 128.

ఈ ముక్కల్లో మొదటి సగాన్ని చేతిలోకి తీసుకుంటే, అంటే గుడ్డలో కింది సగం ముప్పై రెండు గడులు, అక్కడి మొత్తం 4294967295. అది 3, 5, 17, 257, 65537ల లబ్ధం. జర్మనీలో గౌస్ 1796లో, ఇంకా పంతొమ్మిదేళ్లు నిండకముందే, స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే పదిహేడు భుజాల సమబహుభుజిని గీయవచ్చని నిరూపించాడు. భుజాల సంఖ్య బేసి అయితే, ఈ రకం ప్రధాన సంఖ్యల్ని ఒక్కొక్కటి ఒక్కసారే వాడి గుణిస్తే వచ్చేవి మాత్రమే అలా గీయడానికి లొంగుతాయి. మనకు తెలిసినవి ఆ ఐదే. కాబట్టి స్కేలుకు, వృత్తలేఖినికి లొంగుతుందని మనకు తెలిసిన అతిపెద్ద బేసి భుజాల ఆకారానికి భుజాలు సరిగ్గా చదరంగంలో మొదటి సగం గడుల్లోని గింజలన్ని! రాజు దగ్గర గింజలు అడిగినవాడికీ, జ్యామితికీ ఏం చుట్టరికం? అయినా ఉంది.

ఆరో సంఖ్య ఎందుకు లేదంటే, 65537 తర్వాత ఈ వరసలో ఇప్పటిదాకా ఇంకో ప్రధాన సంఖ్య దొరకలేదు. తర్వాతివి ఎన్నో పరీక్షించారు, అన్నీ ముక్కలయ్యేవే. అలాంటిది ఎప్పటికీ దొరకదని కూడా ఎవరూ నిరూపించలేదు.

మన సంఖ్యకు రెండు ఇళ్ల అవతల ఉంటుంది 18446744073709551617. ఫెర్మా వరసలో ఏడోది. మధ్యలో ఉన్నది రెండుల గుణకారం, దాన్లో రెండు తప్ప ఇంకేమీ లేదు. ఇటు పక్కదేమో ఆరు మడతల్లో విప్పారింది. అటు పక్కది మాత్రం ఎంత మడిచినా విడిపోలేదు. 1880లో ఫోర్చూనే లాంద్రీ అనే ఫ్రెంచి పెద్దాయన దాన్ని విడగొట్టాడు: 274177 ఒక ముక్క, 67280421310721 రెండో ముక్క. అప్పటికి ఆయన వయసు ఎనభై రెండేళ్లు. యంత్రం లేదు, చేతిలో కలం, ఎదురుగా కాగితం. ఆ సంఖ్యను ఎప్పుడు చూసినా నాకు ఆ ముసలాయన బల్ల ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

ఇంకో ఫ్రెంచివాడు ఈ సంఖ్యకు మన కాశీని కూడా తగిలించాడు. 1883లో ఎడ్వర్డ్ ల్యూకా అనే గణితవేత్త మూడు కొయ్యల మీద బిళ్లలు మార్చే ఆటవస్తువు ఒకటి తెచ్చాడు. దానితో పాటు ఒక కథ పుట్టింది. కాశీలో అరవై నాలుగు బంగారు బిళ్లలు ఉన్నాయని, పూజారులు రాత్రింబవళ్లు వాటిని ఒక్కొక్కటిగా మారుస్తున్నారని, ఆ పని ముగిస్తే సృష్టి ముగుస్తుందని. కాశీలో అలాంటివేవీ లేవు. అన్ని బిళ్లలూ మారడానికి తక్కువలో తక్కువ కావలసిన కదలికలు మాత్రం మన 18446744073709551615. సెకనుకొకటి చొప్పున మార్చినా 58 వేల కోట్ల ఏళ్లు పైనే పడుతుంది.

నాయనమ్మ కొలతల దగ్గరికి మళ్లీ వెళ్దాం. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ఏడు కొలపాత్రలు, ఒక్కొక్కటే ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని ఒక్కసారే వాడాలి. ఎన్ని గిద్దలు కావాలన్నా, ఒకటి నుంచి 127 దాకా, కొలవొచ్చు. వంద గిద్దలు కావాలా? కుంచం, అడ్డ, సోల. అరవై నాలుగు, ముప్పై రెండు, నాలుగు. ఇంకో దారి లేదు, ప్రతి కొలతకూ ఒకే ఒక్క దారి. అలాగే చదరంగం గడుల్లో కొన్నిటిని తీసుకుని కొన్నిటిని వదిలేస్తే, మన పెద్ద సంఖ్య దాకా ఉన్న ప్రతి సంఖ్యా ఒకే ఒక్క రకంగా వస్తుంది. ఏ గడీ వదలకుండా అన్నీ తీసుకుంటే వచ్చేది 18446744073709551615. మీ చేతిలోని ఫోను గుండెలో అరవై నాలుగు మీటల వరస ఉంటుంది. ప్రతి మీటా వెలుగుతుంది, లేదా ఆరుతుంది. అరవై నాలుగూ వెలిగినప్పుడు అక్కడ ఉన్నది ఈ సంఖ్యే. ఒక్క వరసలో పట్టే అతిపెద్ద సంఖ్య అది.

ఇక చివరిగా, ఇన్నాళ్లూ నా మనసులో తిరుగుతూ ఉన్న సంగతి ఒకటి. మల్లన కాలంలో ఈ లెక్క ఎలా చేసి ఉంటారు? అరవై మూడుసార్లు రెట్టించక్కర్లేదు. రెండును వర్గం చేస్తే నాలుగు. నాలుగును చేస్తే పదహారు. తర్వాత 256, తర్వాత 65536, తర్వాత 4294967296, ఆరోసారికి పూర్తి. ఆరు గుణకారాలు, ఆఖర్న ఒకటి తీసివేత. ఈ సగం చేయడం, వర్గం చేయడం అనే పద్ధతి పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. లెక్కల పుస్తకంలో కాదు, ఛందస్సులో! ఎందుకంటే పాదంలో ప్రతి అక్షరం గురువన్నా కావాలి, లఘువన్నా కావాలి. అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. ఒక అక్షరం పాదం నుంచి ఇరవై ఆరు అక్షరాల పాదం దాకా సమవృత్తాలన్నీ కలిపితే 13,42,17,726 అని ఛందోగ్రంథాలు చెబుతాయి. ఆ సంఖ్య ఏమిటో తెలుసా? చదరంగంలో రెండో గడి నుంచి ఇరవై ఏడో గడి దాకా ఉన్న గింజల మొత్తం.

ఆ కోట్ల వృత్తాల్లో ఒక్కొక్కదానికీ, అన్నే అక్షరాలున్న వృత్తాల మధ్య, ఒక వరస సంఖ్య ఉంది. దాన్ని కనిపెట్టే పద్ధతిని ఉద్దిష్టం అంటారు. పాదంలోని అక్షరాల మీద ఎడమ నుంచి 1, 2, 4, 8 అని రెట్టింపులు రాసుకుంటూ పోవాలి. లఘువుల మీద పడ్డ సంఖ్యలన్నీ కలిపి, ఒకటి చేర్చాలి. అంతే. అంటే పద్యపాదాన్ని చదరంగం గడుల మీద పరిచి, లఘువు ఉన్న గడిలో గింజలు తీసుకోవడం, గురువు ఉన్న గడిని వదిలేయడం.

మల్లన పద్యం చంపకమాల. పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు, న జ భ జ జ జ ర గణాలు. లఘువులు పద్నాలుగు. పరిచి చూడండి. 1, 2, 4, 8, 32, 128, 256, 512, 2048, 4096, 16384, 32768, 131072, 524288. కలిపితే 711599, ఒకటి చేర్చితే 711600. చంపకమాల 711600వ వృత్తం. ఉత్పలమాలకూ ఇదే లెక్క చేస్తే 355799 వస్తుంది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుందని బడిలో చదువుకున్నాం కదా. ఇప్పుడు ఆ 355799ని రెట్టించి, రెండు కలిపి చూడండి.